అమ్మవారి పొట్టేలూ నా మోకాళ్లూ

ఫిబ్రవరి 9, సోమవారం

ఇది ఇప్పుడే రాయాలి. నోటితో అనడానికి వీల్లేదు కనుక రాయాలి. అమ్మవారికి మొక్కుకున్న జీవాన్ని తిడితే పాపమట. అమ్మ వింటే తన చెంపలు వేసుకుంటుంది, ఆ తర్వాత నా చెంపలు వాయిస్తుంది. కాగితం మీద తిడితే ఎవరికీ వినపడదు. అందుకని.

ఆ పొట్టేలు చావాలి.

రాసేశాను. కొంచెం హాయిగా ఉంది.

సాయంత్రం షేర్ ఆటో దిగి మా సందులోకి తిరిగాను. పొద్దున్నుంచి నందికొట్కూరు పక్క పల్లెలో గొర్రెలకు టీకాలు వేసి వేసి చేతులు లాగుతున్నాయి. భుజాన టీకాల పెట్టె. మద్దిలేటి మామ అరుగు పక్కన నిలబడి ఉంది అది — నుదుటి నిండా పసుపు, మెడలో గంట, వాడిపోయిన వేపమండల దండ. నన్ను చూసింది. తల వంచింది. ఆ వంచడం నాకు తెలుసు. పరుగెత్తాను. మోకాలి మడతలో వెనకనుంచి ఒక్కటి... కాలువలో పడ్డాను. పెట్టె మూత ఊడింది. మందు సీసాలన్నీ బండ మీద పడి పగిలాయి.

మిద్దె మీద మద్దిలేటి మామ. కిందికి రాలేదు. నవ్వు మాత్రం వచ్చింది.

"చదువుకున్నదానివి, పక్కకి జరిగేకి రాదా పాపా?"

మేము ఆయన ఇంట్లోనే బాడుగకు ఉన్నాం. పొట్టేలు ఆయనదే. అడిగితే మాత్రం — "మాది కాదు పాపా. అమ్మవారిది."

ఫిబ్రవరి 10

మోకాలు బూరెలా వాచింది. ఆఫీసులో డాక్టరు గారు సీసాల సంగతి అడిగారు. "పొట్టేలు గుద్దింది సార్" అన్నాను. వెనక బెంచీలో ఎవరో — "గొర్రెల చదువు చదివినదాన్ని గొర్రె గుద్దిందా!" గదంతా నవ్వు.

ఈ పూట పోవలసిన పల్లెకు టీకాలు లేవు. ఫోన్ చేసి చెప్పాను. అవతల ఒక పెద్దాయన గొంతు: "నువ్వు వస్తావని మేపేకి తోలకుండా దొడ్లోనే పెట్టుకొన్యాం గదమ్మా. పొద్దు పోయిందిపుడు. యాడికి తోలుకపోయేది?"

 ఆకలితో నిలబడిన ఆ మంద కూడా ఈ పొట్టేలు ఖాతాలోకే.

ఫిబ్రవరి 12

దేవర అయ్యేదాకా దాన్ని కొట్టకూడదు, కట్టకూడదు, తిట్టకూడదు. మూతి పెట్టిన చోట నుంచి తోలకూడదు. మనవరాలు బతికి బట్టకడితే పొట్టేలు ఇస్తానని మామ మొక్కుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు సందంతా పరుగులు పెడుతోంది. ఉగాది దాటిన మంగళవారం సుంకులమ్మకు దేవర, జాతర చేసి బలి ఇస్తారు. అంతవరకు ఇది రాజు. తోపుడు బండి మీద కొత్తిమీర కట్టలు తింటుంటే కూరగాయలాయన చేతులు జోడిస్తాడు!

ఇవాళ అమ్మ ఎండబెట్టిన వడియాలు తింది. "పోవే దొంగముండా" అన్నాను. అంతే. అమ్మ చేతిలో చాట పడేసి వచ్చింది. పసుపు తెచ్చి దాని నుదుట పూసింది. "తల్లీ, పసిపిల్ల, తెలీక అనింది, మనసులో పెట్టుకోవాకు" అని దండం పెట్టింది. పసిపిల్లంటే నేను. ఇరవై నాలుగేళ్లు. డిప్లొమా. ప్రభుత్వ ఉద్యోగం. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని.

నా చేత కూడా పెట్టించింది దండం.

అది నమలడం ఆపలేదు.

ఫిబ్రవరి 14

నందికొట్కూరు బస్టాండులో కోతి నా టిఫిను డబ్బా లాక్కుంది. చెట్టెక్కి, మూత తీసి, వాసన చూసి, కింద పారేసింది. ఉప్మా. అమ్మకు చెప్పలేదు. కోతిని క్షమించాను... నా పగకు ఒకేసారి రెండు జీవాలంటే కష్టం.

ఫిబ్రవరి 17

బస్సుకు అడవిపందుల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు కొట్టాడు. ముందు సీటు పెద్దామె ఒళ్లోని కోడిపెట్ట ఎగిరి నా తల మీద కూర్చుంది. ఈకలతో, కాళ్లు పీకుతుంటే దిగాను. అక్కడినుంచి ఖాజా అన్న షేర్ ఆటో. రోజూ ఇదే మాట ఆయనకు:

"డాక్టరమ్మా, నీ పెండ్లికొడుకు దండ ఏసుకొని నిలబడి ఉండాడు సూడు."

"ఇంటి గేటు దాకా పోనీ అన్నా, నీ పుణ్యం ఉంటుంది."

పోనిచ్చాడు. పొట్టేలు ఆటోనే గుద్దింది. ముందు లైటు పగిలింది. నాకు సంతోషం వేసింది — పాపం ఖాజా అన్నకు నష్టమైందని కాదు, ఇప్పుడు నాకొక సాక్షి దొరికాడని. "అడుగు అన్నా, మామను అడుగు" అన్నాను. ఆయన గాజు ముక్కలు ఏరుకుంటూ — "దేవర జీవంతో మనకేలమ్మా. మా ఉరుసుకు ఇడిసిన మేకను మీరెవురన్నా ఒక మాట అన్యారా?"

సాక్షి పోయాడు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇవాళ పట్టుకున్నాను. కిటికీలోంచి చూశాను.

మద్దిలేటి మామ అరుగు మీద కూర్చుని, అరచెయ్యి దాని నుదుటికి ఆనించి తోస్తున్నాడు. "రారా, రా, రారా నా సింగమా..." అది వెనక్కి నాలుగడుగులు పోయి ఉరికి వచ్చి చేతిని గుద్దుతుంది. మనవరాలు చప్పట్లు. గుద్దినప్పుడల్లా నోట్లో నానబెట్టిన శనగలు!

మాకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు: పొట్టేలు పిల్లను నుదుటి మీద తోసి ఆడించవద్దు, ఎదురుగా నిలబడిన ప్రతివాడూ పోట్లాటకు వచ్చాడనుకుంటుంది. అంటే అది పొగరు కాదు. చదువు. నేర్పిన పంతులు మిద్దె మీద నిలబడి నవ్వేవాడు.

బయటికి వెళ్లి మర్యాదగానే చెప్పాను. "మామా, అట్లా నుదురు తోయొద్దు. గుద్దడం అలవాటవుతుంది."

"నాకే పాఠం సెప్తాండావా? దేవర అయితే అదే ఉండదు. అంతవరకు గుద్దనీలే, నీదేం పోతాది?"

నా మోకాలు. నా సీసాలు. ఆ పల్లె మంద ఒక పూట మేత.

పగ చిరునామా మారింది. ఈ మనిషి నోటితో ఒక్కసారి "అది నాది" అనిపించాలి. సందులో, అందరి ముందర.

మార్చి 2

కల్లూరు వైపు పనిచేసే అమ్మాయి ప్రసూతి సెలవు పెట్టింది. డాక్టరు గారు ఈ వారం నన్ను అక్కడ వేశారు. గొర్రెలకూ మేకలకూ పారుడు రోగం టీకా, దాంతోపాటు చెవికి పసుపురంగు బిళ్ల. బిళ్లకు నంబరు. నంబరు పక్కన యజమాని పేరు, ఫోను.

యజమాని పేరు!

మా సందు కూడా కల్లూరే.

అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను. "ఏమే, ఈ పొద్దు ముఖం ఎలిగిపోతాండాది?" అంది అమ్మ. "పని ఎక్కువుంది మా" అన్నాను.

మార్చి 5, గురువారం

తీరిగ్గా రాసుకోవాలి ఇది.

సందులో అన్ని జీవాలూ అయ్యాక ఆఖర్న దీని దగ్గరికి వచ్చాను. కావాలనే ఆఖరు. అందరూ గడపల్లో ఉన్నారు.

"మామా, యజమాని పేరు?"

"మాది కాదంటిని గదా. అమ్మవారిదని రాసుకో."

"సరే. అమ్మవారి ఫోన్ నంబరు చెప్పు మామా. ఓటీపీ వస్తుంది, అది కూడా చెప్పాలి."

సందు మొత్తం నవ్వింది. ఆటో తుడుచుకుంటున్న ఖాజా అన్న గట్టిగా — "రీచార్జి ఉండాదో లేదో కనుక్కో మద్దిలేటీ!" మామ ముఖం ముడుచుకుపోయింది. చెప్పులేసుకుని బజారుకు వెళ్లిపోయాడు. ఇన్ని దినాల్లో మొదటిసారి నవ్వు నా పక్కన ఉంది.

అప్పుడు లచ్చుమత్త, మామ భార్య, లోపలినుంచి తన ఫోను పట్టుకుని వచ్చింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నాది రాసుకో పాపా" అంది. నంబరు చెప్పింది. ఓటీపీ చెప్పింది. నేలమీద కూర్చుని పొట్టేలు తలను ఒళ్లోకి తీసుకుంది.

"రక్తం వస్తాదా?"

"ఒక్క చుక్క అత్తా. భయపడాల్సిన పని లేదు."

"వస్తాదంటే, వస్తాది గదా?"

"వస్తుంది."

తల గట్టిగా పట్టుకుంది. పట్టకారు నొక్కాను. కటక్. అది కదలనైనా లేదు. చెవి మీంచి ఒక్క చుక్క జారి మట్టిలో పడింది. దూది ఇవ్వబోతే — "ఉండనీలే."

యజమాని: లచ్చుమమ్మ, భర్త మద్దిలేటి. నమోదైంది. ఇక ఎవరిదని అడిగితే జవాబు ఉంది.

మార్చి 6

గుద్దింది. తుంటి మీద. నొప్పి — కానీ ఏడుపు రాలేదు, పరుగున మామ ఇంటికి వెళ్లాను. సందుకు వినపడేట్టు అన్నాను: "మీ పొట్టేలు నన్ను గుద్దింది మామా. మీ ఇంటిదేనని రికార్డులో ఉంది."

మామ లోపలికి పోయి తాడు తెచ్చాడు. కట్టేశాడు! ఇన్ని నెలల్లో మొదటిసారి.

గెలిచాను. గెలిచాను. గెలిచాను.

మార్చి 9

కుంటకుండా ఇంటికి వచ్చాను. సందు ఎంత పొడుగుందో ఇవాళే చూశాను. ఇంతకు ముందెప్పుడూ నడవలేదు కదా, ఉరకడమే.

మార్చి 13, శుక్రవారం



దేవరకు ఇచ్చే జీవాలను చూసుకోవడానికి పూజారి వచ్చాడు. పళ్లు చూశాడు, కొమ్ములు నిమిరాడు, కాళ్లు ఎత్తి చూశాడు. తల ఊపాడు. ఆ తర్వాత చెవి.

"ఇదేంది? రక్తం కారిందా?"

మామ ఏదో అనబోయాడు. లచ్చుమత్తే ముందు అంది. "కారింది సామీ."

"ఎవురు కుట్టినారు?"

సందంతా నావైపు తిరిగింది.

"తల్లి తాగాల్సిన రక్తం ముందు మట్టి తాగింది. ఎంగిలైంది ఇది. పనికి రాదు. ఇంకోదాన్ని చూసుకోప్పా" అనేసి పక్కింటికి వెళ్లిపోయాడు.

మొక్కుబడి జీవం ఒంటినుంచి ముందుగా ఒక్క చుక్క కారినా అది ఎంగిలి. ఈ సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. మేము ఎప్పుడూ ఎవరికీ పొట్టేలు మొక్కుకోగలిగిన వాళ్లం కాదు, మా ఇంట్లో ఆ మాట ఎవరూ చెప్పలేదు. రెండేళ్ల డిప్లొమాలో కూడా ఎవరూ చెప్పలేదు. అమ్మ తల పట్టుకుని గడపలోనే కూలబడింది.

మామ అరిచాడు — "చదువుకున్నదానివి..." అదే మాట. ఈసారి వెనక నవ్వు లేదు. మనవరాలిని ఎత్తుకుని ఉన్నాడు. పిల్ల వీపు మీద ఆయన చెయ్యి ఆగకుండా నిమురుతోంది. భయపడ్డాడు ఆయన. అది చూశాను, చూడనట్టు ఉన్నాను.

చావాలని రాసుకున్నది నేను. దాన్ని చావు నుంచి తప్పించింది కూడా నేనే. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

మార్చి 15, ఆదివారం

కొత్త పొట్టేలు వచ్చింది. నల్లది. చెవులు శుభ్రంగా ఉన్నాయి. దాన్ని నేను కన్నెత్తి కూడా చూడను.

పాతదాని తాడు తెచ్చి మామ మా గడపలో పారేశాడు. "చెవికి కమ్మ పెట్టినావు గదా. ఇంక నువ్వే సాక్కో, కోసుకో, అమ్ముకో. దేవర లోపల నా కండ్ల ముందర అది ఉండగూడదు. ఉండిందంటే, మీరు ఉండరు."

నాయనకు బండల పాలిషు ఫ్యాక్టరీలో రాత్రి కాపలాకు పోయే టైము. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒకే మాట: "ఈ బాడుగకు ఇంకో ఇల్లు యాడా దొరకదు పాపా."

పది నిమిషాలు కాకముందే అమ్మ దాన్ని చీపురుతో కొట్టింది. పసుపు పూసిన చెయ్యే! కూరగాయలాయన తక్కెడ ఎత్తి బెదిరించాడు. సందులో పిల్లలు రాళ్లు విసిరారు. నిన్నటిదాకా దండాలు.

నాకు కూడా అనుమతి వచ్చినట్టే కదా. గేటు మూసి, దాని ముందు నిలబడి, ఈ పేజీల్లో రాసుకున్నవన్నీ పైకి చదివినట్టు తిట్టాను. చివరిదాకా. అది విన్నది. నోట్లో నమలడానికి ఏమీ లేదు.

అనుకున్నంత రుచిగా లేదు.

మార్చి 16

ఆటో దిగాను. మా కిటికీ ఊచకు కట్టేసి ఉంది. నన్ను చూసింది. పెట్టెను మోకాళ్లకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

తల వంచలేదు.

పల్లె నుంచి సుబాబుల్ కొమ్మ ఒకటి తెచ్చాను. దాని కోసం కాదు. మేత లేకపోతే తీగ మీద బట్టలు తింటుంది కనుక.

మార్చి 17

పొద్దు గూకే వేళ లచ్చుమత్త వెనక గోడ వైపు నుంచి వచ్చింది. కొంగులో నానబెట్టిన శనగలు. తల దాని మూతికి ఆనించి తినిపించింది.

"తల్లి ఈనంగనే సచ్చిపాయ పాపా. సీసాతో పాలు తాపితి. రాత్రిళ్లు నా మంచం కిందనే పండుకొనేది. మొక్కింది ఆయప్ప. సాకింది నేను."

నేను అడిగేశాను. "ఆ దినం రక్తం వస్తుందా అని రెండుసార్లు అడిగావు కదా అత్తా. ఎందుకు?"

కొంగు దులుపుకుంది. నా ముఖం చూడలేదు.

"అడిగితిని."

అంతే. వెళ్లిపోయింది.

తెలుసు ఆమెకు. ఎంగిలి అవుతుందని తెలుసు. తన చేత్తో చేస్తే మొగుడు ఊరుకోడు, అమ్మవారు ఊరుకోదు. నా చేత్తో చేయించింది. నా కోపం ఆమెకు అక్కరకొచ్చిన కత్తి, పిడి ఆమె చేతిలో, తిట్లన్నీ నాకు! దూది వద్దందే... ఆ చుక్క మట్టిలో పడాలి కాబట్టి వద్దంది. నేనేమో గెలిచానని మూడుసార్లు రాసుకున్నాను.

ఇప్పుడు నా పగకు ముగ్గురు. పొట్టేలు. మామ. అత్త.

మార్చి 18

మటన్ అంగడి బాషా భాయ్ వచ్చాడు. మామ పంపించాడట. వెన్ను మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. తోక దగ్గర కొవ్వు పట్టి చూశాడు. "సిక్కిపోయిండాది గానీ పరవాలేదు. ఆదివారం కోసేకి బాగుంటాది. శనివారం సాయంత్రం లోపల అవునో కాదో సెప్పమ్మా. లేదంటే వేరేది సూసుకుంటా."

అమ్మ — "ఇచ్చేయ్. పీడ పోతాది."

నాయన — "నీ ఇష్టం. నీ పేరు మీద తాడు పారేసినాడు ఆయన."

వెనక గోడ అవతల లచ్చుమత్త తల.  నిలబడుతుంది అంతే.

మార్చి 19, ఉగాది

పచ్చడి తిన్నాం. సెలవు. పొద్దంతా లెక్క కుదరలేదు.

కోయిస్తే — పొట్టేలుకు శాస్తి, అత్తకు శాస్తి. కానీ మిద్దె మీద మామ సంతోషిస్తాడు. ఆయన మాటే నెగ్గుతుంది. నా మోకాళ్లు విరగ్గొట్టడం నేర్పిన మనిషికి ఆదివారం పూట నేనే విందు పెట్టినట్టు.

ఉంచుకుంటే — మామకు శాస్తి. పసుపు బిళ్ల పెట్టుకుని రోజూ ఆయన కళ్ల ముందర తిరుగుతుంది, అమ్మవారిది కాదు నాది అంటూ. కానీ పొట్టేలు ఏ శిక్షా లేకుండా బయటపడుతుంది. అత్త అనుకున్నది అవుతుంది. మాకు ఇల్లు పోతుంది.

ముగ్గురి మీదా ఒకేసారి తీరే దారి లేదు. ఎటు పోయినా ఎవరో ఒకరు నవ్వుతారు.

మార్చి 20, శుక్రవారం

ఇవాళ ఖాజా అన్న ఏమీ ఎగతాళి చేయలేదు. దిగేటప్పుడు మాత్రం — "రేపేనంట గదా" అన్నాడు. పగిలిన లైటుకు టేపు అంటించుకున్నాడు. దాని డబ్బులు కూడా అడగలేదు ఎవరినీ.

పెట్టె కింద పెట్టాను. చున్నీ నడుముకు బిగించి దాని ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. అరచెయ్యి నుదుటికి ఆనించి తోశాను, మామ తోసినట్టే. పసుపంతా పోయింది, వెంట్రుకలు గరుకుగా ఉన్నాయి.

"రా" అన్నాను. "రారా."

రెండడుగులు వెనక్కి వేసింది.  సిద్ధంగానే ఉన్నాను. ఆ తర్వాత వచ్చి నా అరచెయ్యి వాసన చూసింది. సుబాబుల్ ఆకు వాసన ఉంది కదా. ఇంకేం కావాలి దానికి.

ఇట్లా అయితే నేనేం చేయాలి? గుద్దే దాన్ని కోయించడం వేరు.

నీకే రాస్తున్నాను, చెవికి బిళ్ల ఉన్నదానా. రేపు ఇంటికి వచ్చేటప్పుడు సందు మొదట్లోనే ఆటో దిగుతాను. పొద్దున పోయేటప్పుడే నీ తాడు పొడుగు చేసి పోతాను. వెనక్కి చూడను, పరుగెత్తను. ఒక్కసారి గుద్దు. ఎప్పటిలాగే, మోకాలి మడతలో. అప్పుడు బాషా భాయ్‌కి ఏం చెప్పాలో నాకు తెలుస్తుంది.

శనివారం సాయంత్రం లోపల నీ జవాబు చెప్పు. ఆయన అంగడి మూసే లోపల.